వారానికి ఎన్ని గంటలు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లు: హెర్బర్ట్ పెద్దనాన్న, ఆగ్నెస్ పెద్దమ్మ, వాళ్ల కొడుకు జెస్విన్ అన్న, పెద్దనాన్నకు తల్లి అయిన, మంచం దిగలేని అవ్వ, చర్చి సంఘం కార్యదర్శి ప్రసన్నకుమార్ అంకుల్, ఆయన భార్య లిల్లీ ఆంటీ, వాళ్ల పిల్లలిద్దరు. ఆరు గ్లాసుల చాయ్, రెండు గ్లాసుల పాలు. ఇంట్లో ఎవరెవరు ఉన్నారో నాకు గ్లాసుల లెక్కనే గుర్తుంటుంది. నేను చాయ్ తాగను కాబట్టి నాకు గ్లాసు లేదు.

అది జనవరి ఒకటో తేదీ. కొత్త సంవత్సరం ఆరాధన అయ్యాక చర్చివాళ్లు ఎవరో ఒకరు మా ఇంటికి భోజనానికి వస్తారు. మా ఇల్లు నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఉంటుంది. ఏ రైలు ఎంత ఆలస్యమో వంటింట్లో నిలబడితే వినిపిస్తుంది. వచ్చేవాళ్లంతా ప్రేమతోనే వస్తారని మాత్రం చెప్పలేను. సాయంత్రం ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో నుమాయిష్ మొదలవుతుంది, మా సందులో బండి పెట్టుకుని గేటు దాకా నడిచి వెళ్లొచ్చు. లిల్లీ ఆంటీ ఆ మాట దాచుకోలేదు కూడా. "మీ ఇల్లుండబట్టి పార్కింగ్ ఫికర్ లేదు వదినా" అని గుమ్మంలోనే అంది.

మా ఇల్లు అని రాశాను. రెండేళ్లుగా అలాగే రాస్తున్నాను. మా అసలు ఇల్లు మెదక్ దగ్గర ఊళ్లో ఉంది. నాన్న బట్టలు కుడతాడు, అమ్మ అంగన్‌వాడీలో ఆయా. నాకు పదో తరగతిలో మంచి మార్కులు వస్తే అమ్మ తన అక్కకు ఫోన్ చేసింది. "పంపియ్యి చెల్లె, అబిడ్స్‌ల మంచి కాలేజీలున్నయి. మా ఇంట్ల ఉండి సదువుకుంటది" అంది పెద్దమ్మ. ఆ రోజు అమ్మ ఏడ్చింది. నేను ఒక సంచి, ఒక ట్రంకు పెట్టె, మా ఊరి బడిలో లెక్కలు చెప్పిన పోచయ్య సారు ఇచ్చిన డైరీ తీసుకుని వచ్చాను. ట్రంకు పెట్టె హాల్లో దివాన్ కింద ఉంటుంది. రాత్రి దివాన్ పక్కన చాప వేసుకుంటాను. ఇక్కడ నాకు ఎవరూ అన్నం తక్కువ పెట్టలేదు, చెయ్యి ఎత్తలేదు. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే మిగతాది చదివితే ఎవరైనా అపార్థం చేసుకోవచ్చు.

"ఏంజల్ మా ఇంటికి చుట్టపుబిడ్డ గాదు, కూతురే" అని పెద్దనాన్న అందరికీ చెబుతాడు. ఇవాంజెలిన్ అనే నా పేరు ఎవరికీ నోరు తిరగదు, అందరికీ ఏంజల్‌నే. కూతురే అని చెప్పిన ప్రతిసారీ ఆ మాట వెనకాలే ఇంకోటి వస్తుంది. "ఏంజల్, అంకుల్‌కు మంచినీళ్లు." నేను పుస్తకం ముందు కూర్చుంటే, "ఏం జేస్తున్నవ్ ఏంజల్? ఖాళీగుంటే అవ్వ కాళ్లకు జర నూనె రాయి" అంటాడు. చదువుతున్నప్పుడు ఖాళీగా ఉన్నట్టు, గిన్నెలు తోముతున్నప్పుడు సాయం చేస్తున్నట్టు. రెండేళ్లలో నా గురించి ఆ ఇంట్లో ఎవరూ వాడని మాట ఒకటుంది, పని. పెద్దమ్మ గురించి కూడా ఎవరూ వాడలేదు. అది నాకు తర్వాత తట్టింది.

విదేశీ కాలేజీల సంగతి మా ఇంగ్లీషు లెక్చరర్ సుష్మ మేడమ్ మొదలుపెట్టారు. వాళ్ల తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం. శనివారాల్లో ఆమె అబిడ్స్ పోస్టాఫీసు పక్క సందులో, జిరాక్స్ షాపు పైన ఒక చిన్న గదిలో కూర్చుంటారు. ఊళ్ల నుంచి వచ్చిన ఆడపిల్లలకు విదేశాల్లో మంచి పేరున్న కాలేజీలకు దరఖాస్తు ఎలా చేయాలో నేర్పుతారు. మొత్తం ఖర్చు కాలేజీయే పెట్టుకునే చోట్లు కొన్ని ఉన్నాయని, లెక్కల్లో నా మార్కులకు ప్రయత్నించకపోవడం తప్పని ఆమె అన్నారు. అమెరికాలో నాలుగు కాలేజీల పేర్లు డైరీ చివరి పేజీలో రాసుకున్నాను. ఒకటి ఆడపిల్లలదే. దాని ఫోటోలో మంచు పడిన కిటికీ పక్కన ఒక అమ్మాయి చదువుకుంటూ ఉంది. నేను మంచును కాదు, ఆమె వెనక ఉన్న తలుపును చూశాను. అది మూసి ఉంది.

ముందు ఒక వ్యాసం రాయమన్నారు. నీ గురించి నువ్వు చెప్పు, ఆరువందల యాభై మాటల్లో. నేను మూడు రోజులు కూర్చుని రాశాను. దేవుని కృప వలన బీద కుటుంబంలో పుట్టాను, తల్లిదండ్రుల త్యాగం వలన చదువుకున్నాను, పెద్దనాన్న పెద్దమ్మల దయ వలన నగరానికి వచ్చాను, పోచయ్య సారు ఆశీర్వాదం వలన లెక్కలు వచ్చాయి. మేడమ్ రెండుసార్లు చదివి కళ్లద్దాలు తీశారు.

"చాలా బావుందమ్మా. ఇందులో నువ్వెక్కడున్నావు?"

నాకు అర్థం కాలేదు. మొదటి మాటే నేను కదా అన్నాను.

"నువ్వు పుట్టావు, వచ్చావు. అన్నీ వేరేవాళ్లు చేశారు. నువ్వు చేసింది ఒక్కటి చూపించు."

అప్పుడు తెలిసింది నేను వ్యాసం రాయలేదని, చర్చిలో లేచి చెప్పే సాక్ష్యం రాశానని. చర్చిని మా ఊళ్లో గుడి అనే అంటారు, ఆ గుడిలో చిన్నప్పటి నుంచి వింటున్నది అదే. లేచి నిలబడి, వందనాలు చెప్పి, మనం ఏమీ కాదని, అంతా ఆయనే చేశాడని చెప్పి కూర్చోవాలి. 'నేను చేశాను' అన్న ఆడమనిషిని ఆ గుడిలో నేను వినలేదు. ఇంట్లోనూ వినలేదు. నాకు దేవుడి మీద నమ్మకం పోలేదు గానీ, ఆ రోజు బస్సెక్కకుండా మొజంజాహి మార్కెట్ మీదుగా నడుస్తూ ఇంటికొచ్చాను. నేను చేసింది ఏమిటి, నేను చేసింది ఏమిటి అని దారి పొడవునా వెతుక్కున్నాను.

వ్యాసం కంటే కష్టమైనది దరఖాస్తులోని ఇంకో పేజీ. రోజూ కాలేజీ గంటలు అయ్యాక నువ్వు చేసేవన్నీ రాయాలి. పది గళ్లు. ఒక్కో గడి పక్కన, వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు. మా క్లాసులో ఒకమ్మాయి ఈత అని రాసింది, ఇంకో అమ్మాయి కూచిపూడి. నేను పది గళ్లూ ఖాళీగా మేడమ్ ముందు పెట్టాను.

"ఇంటికెళ్లి ఏం చేస్తావు?"

"ఏం లేదు మేడమ్. ఇంట్లోనే ఉంటాను."

"ఇంట్లో ఉండి?"

చెప్పడం మొదలుపెట్టాను. పొద్దున నీళ్లు వచ్చేటప్పుడు డ్రమ్ములు నింపడం. అవ్వను లేపి, కడిగి, బట్ట మార్చి, జావ తాగించడం. కూరగాయలు, చపాతీలు, టిఫిన్ డబ్బాలు. కాలేజీ నుంచి రాగానే గిన్నెలు, బట్టలు. మళ్లీ అవ్వ. మేడమ్ రాసుకోవడం ఆపేసి నన్నే చూస్తున్నారు. దరఖాస్తులో ఇంటి బాధ్యతలు అని ఒక వరుస ఉందని, అది ఈతకు ఏమీ తక్కువ కాదని చెప్పారు. "గంటలు మాత్రం నిజంగా లెక్కపెట్టు, ఊహించి రాయొద్దు" అన్నారు.

ఊహించాల్సిన అవసరం నాకు లేదు. రెండేళ్ల డైరీ ఉంది. ఎవరితోనూ మాట్లాడను కాబట్టి ఏ పని ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు అయిందో అందులో రాసుకుంటాను. నాలుగు వారాలు తీసి కూడితే వారానికి ముప్పై ఒక్క గంట వచ్చింది. తప్పు చేశానేమోనని ఇంకో నాలుగు వారాలు కూడి చూశాను. మళ్లీ అంతే. మేడమ్‌కు చూపించాను. నా కోసం తాను రాసే సిఫార్సు ఉత్తరంలో ఈ సంఖ్య రాయాలంటే ఇంట్లో పెద్దవాళ్లు ఒకరు నిజమేనని సంతకం చేసిన కాగితం కావాలని, లేకపోతే అక్కడివాళ్లు నమ్మరని అన్నారు. "ఒకటో తేదీ సాయంత్రం నాలుగింటికల్లా ఫోటో తీసి పంపు. ఆ తర్వాత నేను రైల్లో ఉంటాను, అప్‌లోడ్ చేయలేను."

పోచయ్య సారు తన ఉత్తరం అంతకు ముందే పంపారు. తెలుగులో రాస్తే మేడమ్ ఇంగ్లీషు చేశారు. అందులో రెండు వాక్యాలు నాకు కంఠతా వచ్చు. ఈ అమ్మాయి మాట్లాడదు. బోర్డు మీద తప్పు రాస్తే మాత్రం లేచి నిలబడుతుంది.

డిసెంబరు ముప్పైన, పెద్దమ్మ కజ్జికాయలు వత్తుతుంటే, కాగితం ఆమె ముందు పెట్టాను. నా చెల్లెలి కూతురు ఇవాంజెలిన్ మా ఇంట్లో మా అత్తగారిని చూసుకోవడం, వంట, నీళ్లు, గిన్నెలు, బట్టలు కలిపి వారానికి ముప్పై ఒక్క గంట పని చేస్తుంది. అంతే. కింద సంతకానికి చోటు.

పెద్దమ్మ పిండి చేత్తో పట్టుకోకుండా వంగి చదివింది. కోపం వస్తుందనుకున్నాను. చాలాసేపు చదివింది. నాలుగు వరుసలకు అంతసేపు పట్టదు.

"ఏంజలూ, నాయి ఎన్నయితయే?"

"ఏంటివి పెద్దమ్మా?"

"గంటలు."

నేను ఎప్పుడూ లెక్కపెట్టలేదు. ఆమె నాకంటే ముందు లేస్తుంది, నేను పడుకున్నాక కూడా వంటింట్లో లైటు ఉంటుంది. పెద్దమ్మ నవ్వి, "పోనీ తియ్" అని, కాగితం పిండి అంటని వేళ్లతో తీసి తన బైబిల్లో పెట్టుకుంది. సంతకం చేస్తానని అనలేదు, చెయ్యనని అనలేదు. ఆ తర్వాత రెండు రోజులూ పండగ పనిలో ఆ మాట ఎత్తడానికి నాకు ధైర్యం రాలేదు.

ఒకటో తేదీ భోజనాలయ్యాయి. మూడు దాటింది. చాయ్ ఇస్తున్నాను. ఆరాధనలో ఇంటింటికీ వాగ్దాన కార్డులు ఇస్తారు, ఏడాది పొడవునా ఆ ఇంటికి అదే వాక్యం. "మీకేం వాక్యం వచ్చింది బ్రదర్?" అని ప్రసన్నకుమార్ అంకుల్ అడిగాడు. పెద్దనాన్న దగ్గర్లో ఉన్న బైబిలు తీశాడు. అది పెద్దమ్మది. కార్డు కోసం తెరిచాడు. కార్డుతో పాటు నా కాగితం ఆయన ఒళ్లో పడింది.

ఆయన పైకే చదివాడు. మొదట మామూలుగా, ఏదో పాత బిల్లు అనుకున్నట్టు. ముప్పై ఒక్క గంట దగ్గరికి వచ్చేసరికి గొంతు నెమ్మదించింది. నా చేతిలో ట్రే ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"ముప్పై ఒక్క గంటా?" అన్నాడు జెస్విన్ అన్న. ఆయన బషీర్‌బాగ్‌లో ఒక ఆఫీసులో చేస్తాడు. "మా ఆఫీసుల నేనే గంత చెయ్య. మా బాస్‌కు చెప్పకుండ్రి."

పిల్లలు నవ్వారు. లిల్లీ ఆంటీ నవ్వబోయి పెద్దనాన్న మొహం చూసి ఆగింది.

"ఏంది ఏంజల్ గిది? అమెరికా దాకా గిట్ల రాస్తరా ఎవరన్నా? మా ఇంట్ల నిన్ను పనిమనిషి లెక్క పెట్టుకున్నమా?" పెద్దనాన్న అరవలేదు. ఆయన అరిచే మనిషి కాదు. నిజంగా నొచ్చుకున్నాడు, అదే నాకు ఎక్కువ కష్టమైంది. "కూతురు లెక్క చూస్తిమి గదమ్మా. ఇజ్జత్ ఏంగావాలె మాది?"

నేను దరఖాస్తులో ఆ గడి ఎందుకుందో చెప్పాలనుకున్నాను. ఇంతలో ప్రసన్నకుమార్ అంకుల్ మధ్యలోకి వచ్చి, చెడ్డ మనసుతో ఏమీ కాదు, సాయం చేద్దామనే, "గట్ల గాదు బ్రదర్. పిల్లకు తెల్వక రాసింది. అమెరికోళ్లు లీడర్‌షిప్ అడుగుతరంట. మా తమ్ముని బిడ్డకు గట్లనే రాసినం. చర్చి లెటర్‌హెడ్ మీద ఇస్త నేను. సండే స్కూల్ టీచరు, యూత్ కాయిర్ లీడరు. వారానికి ఇరవై గంటలు. స్టాంపు గూడ బ్యాగులనే ఉన్నది" అన్నాడు.

పెద్దనాన్న మొహం తేటపడింది. "వందనాలు బ్రదర్. ఇను ఏంజల్, గది రాసుకో. నేను గూడ సాక్షి సంతకం పెడ్త. పిల్ల పోతది, మన మర్యాద గూడ ఉంటది."

గోడ గడియారం మూడుంబావు చూపిస్తోంది. ఆ కాగితం తీసుకుంటే అంతా అయిపోతుంది. స్టాంపు ఉంటుంది, ఇంగ్లీషులో ఉంటుంది. పెద్దనాన్న సంతోషంగా ఉంటాడు, రేపు అమ్మ ఫోన్ చేస్తే మీ బిడ్డకు మేమే దగ్గరుండి రాయించామని చెబుతాడు. అక్కడెక్కడో కాగితం చూసేవాళ్లకు నేను పాటలు పాడే కాయిర్ ముందు చెయ్యి ఊపుతూ కనిపిస్తాను. కానీ నేను సండే స్కూల్లో ఒక్క రోజు కూడా చెప్పలేదు. చెబుదామని ఒకసారి అడిగితే, "ఆదివారం పొద్దుగాల అవ్వను ఎవరు చూస్తరు?" అన్నాడు పెద్దనాన్నే. ఆ ఇరవై గంటలు రాస్తే నా ముప్పై ఒక్క గంట ఏమవుతుంది? అది ఎక్కడికి పోతుంది? ఈ ఇంట్లో అది లేదు. ఆ కాగితంలోనూ లేకపోతే ఇంక ఎక్కడా ఉండదు.

ట్రే కింద పెట్టాను. నేను నిలబడే ఉన్నాను, అయినా బెంచీలోంచి లేచినట్టే అనిపించింది.

"ఆ పని నేను చేయలేదు పెద్దనాన్నా. ఇది చేశాను."

స్టేషన్లో ఏదో రైలు రెండో ప్లాట్‌ఫారం మీదికి వస్తోందని చెబుతున్నారు. లోపలి నుంచి అవ్వ, "ఎవలే వచ్చింది?" అని అడిగింది.

పెద్దమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో. చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి పెద్దనాన్న ఒళ్లోంచి కాగితం తీసుకుంది. ఆయన చొక్కా జేబులోంచి పెన్ను కూడా తీసుకుంది.

"గిండ్ల తప్పున్నది" అంది.

నేను కాగితం వైపు వంగాను.

"చూసినవా, మీ పెద్దమ్మ గూడ గదే అంటున్నది" అన్నాడు పెద్దనాన్న.

"ఏంజలూ, ఆదివారం ఏడపాయెనే?"

నాకు ముందు తెలియలేదు. తర్వాత తెలిసింది. డైరీలో కూడేటప్పుడు ఆదివారాలు వదిలేశాను. కావాలని కాదు. ఆదివారం ప్రభువు దినం, ఆ రోజు పని చేయకూడదు. పని చేయకూడదు కాబట్టి ఆ రోజు చేసింది పని కాదు. చిన్నప్పటి నుంచి తలలో అలా ఉండిపోయింది, లెక్కలు బాగా వచ్చే నాకు కూడా.

"ఆదివారం కదా పెద్దమ్మా" అన్నాను.

"ఔ, ఆదివారమే. గుడినించొచ్చి పది మందికి వండుతం. అందరు తిని పంటరు. గిన్నెలు ఎవరు కడుగుతరు, దేవదూతలా?" పెద్దమ్మ వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టింది. "పొద్దుగాల అవ్వకు రెండు. వంటకు మూడు. వడ్డించుడు, కడుగుడు రెండు. సాయంత్రం ప్రేయర్ మీటింగోళ్ల చాయ్‌లు, మల్ల అవ్వ, గవి రెండు. మొత్తం తొమ్మిది." కాగితం బైబిలు మీద పెట్టి, ముప్పై ఒక్క గంట అన్నది కొట్టేసి, పైన నలభై గంటలు అని రాసింది. కొట్టేసిన చోట చిన్న సంతకం చేసింది, బ్యాంకులో చేసినట్టు. కింద ఇంకో సంతకం. పి. ఆగ్నెస్.

"మంది ముంగట ఏంది ఆగ్నెస్ గిది" అన్నాడు పెద్దనాన్న మెల్లగా.

"మంది ముంగటనే గదా దాన్ని కూతురంటవు." ఆమె గొంతు పెంచలేదు. "కూతురి గురించి అబద్ధం రాస్తమా?"

ప్రసన్నకుమార్ అంకుల్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. లిల్లీ ఆంటీ ఉన్నట్టుండి, "మా ఇంట్ల గూడ ఆదివారం గంతే వదినా, ఎవరికి తెలుస్తది" అంది. ఆయన ఆమెవైపు చూశాడు. ఆమె ఆయనవైపు చూడలేదు.

పెద్దమ్మ ఫోన్‌తోనే ఫోటో తీశాను. మొదటిది సరిగ్గా రాలేదు. రెండోది మేడమ్‌కు వెళ్లింది. మూడు ఇరవై ఎనిమిదికి రెండు నీలం గీతలు వచ్చాయి. "చాలమ్మా. నా ఉత్తరం ఇప్పుడే పెడుతున్నాను. నీ వ్యాసం చివరి పేరా పూర్తి చేసి పంపించెయ్" అని రాశారు.

చివరి పేరా. మూడు వారాలుగా అదే మిగిలింది. మొదలంతా మార్చేశాను, అవ్వకు ఒళ్లు తుడిచేటప్పుడు ఆమె నా చేత ఎక్కాలు అప్పజెప్పించుకునే సంగతితో మొదలవుతుంది. చివరకు వచ్చేసరికి ఎవరో పిలుస్తారు. పంపడానికి ఆఖరి గడువు మనకు మర్నాడు ఉదయం పదిన్నర. అప్పటి లోపల రాత్రి వంట ఉంది, పొద్దున నీళ్లున్నాయి, ఈ ఎనిమిది మంది గ్లాసులున్నాయి. హాల్లో నేను కూర్చునే చోట లిల్లీ ఆంటీ పిల్లలు చెప్పులేసుకుని దివాన్ మీద గెంతుతున్నారు.

"జెస్విన్, నీ లాప్‌టాప్ దెచ్చియ్యి" అంది పెద్దమ్మ.

"ఛార్జర్ గూడ తీస్కపో చెల్లె, దాని బ్యాటరీకి పాణం లేదు" అని అన్న రెండూ తెచ్చిచ్చాడు. ఇంకేదో జోకు వేయబోయి మానేశాడు.

పెద్దమ్మ నన్ను వాళ్ల పడకగదిలోకి తీసుకెళ్లింది. రెండేళ్లుగా రోజూ ఊడ్చిన గది. ఆ మంచం మీద నేను ఎప్పుడూ కూర్చోలేదు. మడతపెట్టాల్సిన బట్టల కుప్ప ఉంటే నా చెయ్యి అలవాటుగా దాని మీదికి వెళ్లింది. పెద్దమ్మ ఆ కుప్పను ఎత్తి అలాగే మూలన పడేసింది. కుర్చీ కిటికీ పక్కకు జరిపి, దాని మీద ఒక దిండు వేసింది.

"ఎంతసేపైతది?"

"గంట, పెద్దమ్మా."

"రెండు తీస్కో." గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "గది పంపినంక, నాయి గూడ లెక్కజేసి జెప్పు. ఆదివారం ఇడిసిపెట్టకు."

అప్పుడే హాల్లోంచి పెద్దనాన్న గొంతు వచ్చింది, రోజూ వచ్చినట్టే, కోపం లేకుండా, అలవాటుగా. "ఏంజల్! పిల్లలకు పాలేవి?"

నేను కుర్చీలోంచి లేచాను. లేవాలని లేవలేదు, కాళ్లే లేచాయి. పెద్దమ్మ చేత్తోనే కూర్చోమంది. గడప అవతల నిలబడి, హాలు వైపు తిరిగి, ఆ ఇంట్లో నా గురించి ఎవరూ ఎప్పుడూ అనని మాట అంది.

"అది పని మీదున్నది. పాలు పొయ్యి మీదున్నయి, గ్లాసులు స్టాండుల ఉన్నయి."

అని, బయటి నుంచి తలుపు మూసింది.